సౌత్ షోర్ లైన్‌ని నమ్ముకుని సౌత్ బెండ్ నుంచి చికాగోకి రోజూ వెళ్లి రావచ్చా? అసలు ఈ రైలు కథేంటి?

కొత్తకాపురం_ఇండియానా

అందరికీ నమస్తే. మా ఆవిడకి సౌత్ బెండ్‌లో, నోటర్ డామ్ యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ వచ్చింది, వచ్చే నెల చేరాలి. నా ఆఫీసేమో చికాగో డౌన్‌టౌన్‌లో, మిలీనియం పార్కు పక్కనే. వారంలో సగం రోజులు తప్పనిసరిగా వెళ్లాలి, మిగతావి ఇంటి నుంచే. అంత దూరం కారులో, అందులోనూ చలికాలంలో, నా వల్ల కాదు. మ్యాప్ చూస్తుంటే సౌత్ షోర్ లైన్ అని ఒక కరెంటు రైలు సౌత్ బెండ్ ఎయిర్‌పోర్టు నుంచి సరిగ్గా మా ఆఫీసు దగ్గరికే వస్తోంది. దాదాపు 90 మైళ్లు.

వినడానికి బాగానే ఉంది కానీ నేపర్‌విల్‌లో ఉన్న మా ఫ్రెండ్స్‌ని అడిగితే ఆ లైను పేరే వినలేదంటున్నారు. యూట్యూబ్‌లో చూస్తే ఇంకో డౌటు మొదలైంది. ఒక వీడియోలో ఇంత పొడుగు రైలు ఊళ్లో వీధి మధ్యలో, కార్ల పక్కన, ఇళ్ల ముందు నుంచి పోతోంది! మనుషులు రోడ్డు మీద నిలబడి ఎక్కుతున్నారు. ఇది ట్రామా, లోకల్ రైలా, మ్యూజియం సరుకా? దీన్ని నమ్ముకుని ఉద్యోగం చేయొచ్చా? చేయొచ్చంటే ఇల్లు ఎక్కడ తీసుకుంటే మంచిది, సౌత్ బెండ్‌లోనా, దారిలో మిచిగన్ సిటీ లాంటి చోటా?

ఆ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్. కాస్త టెన్షన్‌గా ఉంది, లీజు మీద సంతకం పెట్టడానికి ఎక్కువ టైం లేదు.

వాల్పో_వదిన

తమ్ముడూ, ఇల్లు సంగతి తర్వాత, ముందు గడియారం సంగతి తేల్చుకో. సౌత్ బెండ్ ఈస్టర్న్ టైమ్‌లో ఉంటుంది. మిచిగన్ సిటీ, గేరీ, చికాగో అన్నీ సెంట్రల్. ఒకే రైలు, కానీ ఇండియానా రాష్ట్రం లోపలే మధ్యలో గంట తేడా. కొత్తగా వచ్చినవాళ్లు టైంటేబుల్ చూసి తికమకపడేది ఇక్కడే, అందుకే ఏ కాగితం చూసినా అది ఏ టైమ్‌లో వేశారో ముందు చూడు.

సౌత్ బెండ్‌లోనే ఉన్నావనుకో. ఆఫీసు ఎనిమిదిన్నరకి అంటే మీ ఇంటి గడియారంలో తొమ్మిదిన్నర. ప్రయాణానికి రెండుంబావు గంటలు వేసుకున్నా ఇంటి లెక్కలో ఏడింటికి బండెక్కితే చాలు, పొద్దున హాయిగానే ఉంటుంది. సాయంత్రమే దెబ్బ. అక్కడ ఐదున్నరకి ఎక్కితే పావు తక్కువ ఎనిమిదికి దిగుతావు, కానీ ఇంట్లో అప్పటికి పావు తక్కువ తొమ్మిది. భోజనం చేసి పడుకోవడమే, మీ ఆవిడతో మాటలు ఫోన్లోనే. పైగా అన్ని బండ్లూ సౌత్ బెండ్ దాకా రావు. చాలావరకు మిచిగన్ సిటీలోనో గేరీలోనో బయల్దేరి మళ్లీ అక్కడే ఆగిపోతాయి. సౌత్ బెండ్ బండి తప్పిపోతే తర్వాతది చాలాసేపటికి గానీ ఉండదు.

మిచిగన్ సిటీలో ఉంటే లెక్క మొత్తం తిరగబడుతుంది. నీకు గంటంబావు, గంటన్నర, ఎక్స్‌ప్రెస్ దొరికితే ఇంకా తక్కువ. మీ ఆవిడకి కారులో ముప్పావు గంట అటూ ఇటూ. ఆవిడ తొమ్మిదింటికి ల్యాబ్‌లో ఉండాలంటే అది మిచిగన్ సిటీలో ఎనిమిది, కాబట్టి ఏడుంబావు లోపే బయల్దేరాలి. సాయంత్రం మాత్రం ఐదింటికి అక్కడ వదిలితే ఇక్కడ ఐదు కాకుండానే ఇంట్లో ఉంటుంది, ఎందుకంటే ఆ గంట తిరిగొస్తుంది కదా. కాగితం మీద ఇదే బాగుంటుంది.

కానీ ఒకటుంది. ఆ రెండు ఊళ్ల మధ్య భాగమంతా మంచు పట్టీ. మిచిగన్ సరస్సు మీదుగా వచ్చే గాలి తేమ మోసుకొచ్చి తూర్పు, దక్షిణ ఒడ్డున కుమ్మరిస్తుంది, లేక్ ఎఫెక్ట్ అంటారే, అది. చికాగోలో ఎండ కాస్తుంటే ఇక్కడ పది అడుగుల ముందు కారు కనపడదు. నువ్వు రైల్లో వెచ్చగా కూర్చుంటావు సరే, స్టీరింగ్ ఆవిడ చేతిలో ఉంటుంది. ఆవిడ కూడా రైల్లోనే వెళ్లొచ్చు కదా అంటావేమో, స్టేషన్ ఉన్నది ఎయిర్‌పోర్టులో, క్యాంపస్ పక్కన కాదు. దిగి మళ్లీ బస్సో కారో. అటు పొద్దున వెళ్లే బండ్లు కూడా ఆవిడ టైమ్‌కి కుదరాలి. ఇద్దరూ కూర్చుని ఇది మాట్లాడుకోండి, ఇది రైలు ప్రశ్న కాదు, కాపురం ప్రశ్న.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పరు. చికాగో లోపల ఇది మెట్రా ఎలక్ట్రిక్ (చికాగో లోకల్ రైళ్లు) వాళ్ల పట్టాల మీద నడుస్తుంది, అక్కడ లోకల్ ప్యాసింజర్లని ఎక్కించుకోదు. ఊళ్లోకి వచ్చే బండి ఆ స్టేషన్లలో దింపడానికే ఆగుతుంది, బయటికి పోయే బండి ఎక్కించుకోవడానికే. హైడ్ పార్క్‌లో ఎక్కి డౌన్‌టౌన్‌లో దిగుదామంటే కుదరదు, దానికి మెట్రా ఎక్కాలి.

పట్టాల_పిచ్చోడు

వదిన గారు ప్రాక్టికల్‌గా అంతా చెప్పేశారు కాబట్టి నేను వీధి సంగతి చూస్తా. ఈ ప్రశ్న కోసమే ఏళ్లుగా ఎదురుచూస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీరు చూసిన వీడియో నిజమే, కానీ పాతది. మిచిగన్ సిటీలో 10వ, 11వ వీధుల్లో రైలు రోడ్డు మధ్యలోనే నడిచేది. 2022లో ఆ ముక్క మూసేసి, వీధి నుంచి పట్టాలు వేరు చేసి, గేరీ నుంచి మిచిగన్ సిటీ దాకా 26 మైళ్లకి పైగా డబ్లింగ్ చేశారు. 2024 మేలో రెండో లైన్ తెరిచారు. ఇప్పుడు అక్కడ ఎత్తు ప్లాట్‌ఫాం, పార్కింగ్ బిల్డింగు. పాత 11వ వీధి స్టేషన్ ముందు గోడ 1927 నాటిది, దాన్ని మాత్రం కొత్త భవనంలో కలిపేశారు. దీనికోసం చాలా ఇళ్లు, షాపులు కొని తీసేయాల్సి వచ్చింది, అది వేరే బాధ.

మరి మొదట్లో వీధిలో ఎందుకు వేశారు? ఎందుకంటే ఇది రైలుగా పుట్టలేదు. 1900 ప్రాంతంలో అమెరికాలో ఇంటర్‌అర్బన్ అని ఒక పిచ్చి నడిచింది. ట్రాముకీ రైలుకీ మధ్య రకం. ఊళ్లో ట్రాములాగా వీధిలో మెల్లగా, ఊరు దాటగానే పొలాల మధ్య రైలులాగా జోరుగా. రోడ్లు బురద, కార్లు లేవు, పొగబండి రోజుకి రెండో మూడో. కరెంటు బండి అయితే గంటకొకటి, రైతు ఇంటి ముందు కూడా ఆగేది. మున్సిపాలిటీ పర్మిషన్ ఇస్తే వీధిలో పట్టాలు వేసుకోవచ్చు, స్థలం కొనక్కర్లేదు, బజార్లోనే దిగొచ్చు. ఇండియానా రాష్ట్రమంతా వీటి సాలెగూడు ఉండేది, 1917 ప్రాంతంలో దేశం మొత్తం మీద పదిహేను వేల మైళ్లు దాటింది. తర్వాత ఫోర్డు కార్లొచ్చాయి, గవర్నమెంటు సిమెంటు రోడ్లు వేసింది, ఇరవై ముప్పై ఏళ్లలో అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ సాలెగూట్లో మిగిలిన ఒక్క పోగు ఈ సౌత్ షోర్.

1901లో కంపెనీ పెట్టారు, 1903లో ఈస్ట్ చికాగోలో మూడు మైళ్ల చిల్లర ట్రాము లైనుతో మొదలు, 1908లో సౌత్ బెండ్ లైను. అప్పట్లో 6,600 వోల్టుల ఏసీ కరెంటు. చికాగో నడిబొడ్డులోకి మాత్రం సొంతంగా రాలేకపోయారు, కెన్సింగ్టన్‌లో ఇల్లినాయి సెంట్రల్ రైల్వే వాళ్ల స్టీమ్ బండి దయ. ప్యాసింజర్లు తక్కువ, అప్పులు ఎక్కువ, మామూలు కథే.

1925లో సామ్యూల్ ఇన్సల్ కొన్నాడు. ఇంగ్లండులో పుట్టి, ఎడిసన్ దగ్గర సెక్రటరీగా చేసి, చికాగో కరెంటు మొత్తం చేతిలో పెట్టుకున్న మనిషి. మరుసటి ఏడాదే ఏసీ పీకేసి 1,500 వోల్టుల డీసీకి మార్చాడు, ఎందుకంటే ఇల్లినాయి సెంట్రల్ తన చికాగో లోకల్స్‌ని సరిగ్గా అదే కరెంటు మీద 1926లో నడపబోతోంది. అంతే, సౌత్ బెండ్‌లో ఎక్కినవాడు బండి మారకుండా డౌన్‌టౌన్ రాండాల్ఫ్ స్ట్రీట్‌లో దిగాడు. ఇప్పుడు మీరు దిగబోయే మిలీనియం స్టేషన్ అదే. దాంతోపాటు కొత్త ఉక్కు పెట్టెలు, కొత్త పట్టాలు, గూడ్సు లైన్లతో జంక్షన్లు, ఊరంతా రంగురంగుల పోస్టర్లు.

ఇప్పుడు అసలు విషయం. ఇన్సల్ చేతిలో ఇలాంటి లైన్లు మూడుండేవి. చికాగో నుంచి మిల్వాకీ వెళ్లే నార్త్ షోర్ లైన్, పడమర అరోరా ఎల్జిన్ వెళ్లే చికాగో అరోరా అండ్ ఎల్జిన్, ఇది మూడోది. ఒకే యజమాని, ఒకే ఊరు, ఒకే రకం డబ్బు. 1932లో ఇన్సల్ సామ్రాజ్యం కూలింది, ఆయన గ్రీసుకి పారిపోయాడు, తిరిగి తెచ్చి కేసు నడిపితే నిర్దోషి అని బయటపడ్డాడు, చివరికి 1938లో పారిస్ మెట్రో స్టేషన్‌లో గుండె ఆగి చనిపోయాడు. (రైళ్ల మనిషికి రైల్వే స్టేషన్‌లో చావు, ఇంతకంటే ఏం చెప్తాం.) ఆ మూడింట్లో రెండు పోయాయి.

అరోరా లైను చావు ఘోరం. 1953లో ఎక్స్‌ప్రెస్‌వే కట్టడానికని దాని డౌన్‌టౌన్ దారి మూసేశారు, ఫారెస్ట్ పార్కు అనే ఊళ్లో దిగి వేరే బండి ఎక్కాల్సి వచ్చింది, జనం సగానికి సగం వదిలేశారు. 1957 జులై 3న కోర్టు అనుమతి రాగానే మధ్యాహ్నానికి బండ్లు ఆపేశారు. పొద్దున ఆ రైల్లో ఆఫీసుకి వెళ్లినవాళ్లకి సాయంత్రం తిరిగొచ్చే రైలు లేదు! నార్త్ షోర్ 1963 జనవరిలో పోయింది, అందులో చిన్న ముక్క మరుసటి ఏడాది స్కోకీ స్విఫ్ట్‌గా బతికింది, ఇప్పటి చికాగో ఎల్లో లైన్.

సౌత్ షోర్ ఎందుకు పోలేదంటే నా సమాధానం ఒక్కటే, గూడ్సు. పక్కనే ఉక్కు ఫ్యాక్టరీలు, కరెంటు ప్లాంట్లకి బొగ్గు. మిగతా ఇంటర్‌అర్బన్లకి మలుపులు మరీ ఇరుకు, పెద్ద వ్యాగన్లు పట్టవు, వీధుల్లో గూడ్సు నడపనివ్వరు. దీనికి పెద్ద రైల్వేలతో వ్యాగన్లు మార్చుకునే వీలుంది. ప్యాసింజర్లలో పోయిన డబ్బు బొగ్గులో వచ్చింది. అందుకే 1956లో ఈస్ట్ చికాగో వీధులు వదిలి టోల్ రోడ్ పక్కన కొత్త కట్ట మీదికి మారగలిగింది, 1970లో సౌత్ బెండ్ వీధుల్లోంచి కూడా బయటపడింది. ఎయిర్‌పోర్టుకి చేరింది 1992లో.

మన్‌స్టర్_మూర్తి

పట్టాల గారూ, చెప్పిన కథంతా బాగుంది గానీ చివరి పేరా దగ్గర ఒప్పుకోను. ప్రతి రైలు గ్రూపులోనూ ఇదే పాట, గూడ్సు కాపాడింది గూడ్సు కాపాడింది అని. గూడ్సు కాపాడింది పట్టాలని. మనుషులు ఎక్కే బండిని కాదు.

1967లో చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే దీన్ని కొన్నది గూడ్సు కోసమే. ప్యాసింజర్ బండి మీద వాళ్లు పెట్టిన ఖర్చు ఎంతో తెలియాలంటే పెట్టెలు చూస్తే చాలు. ఇన్సల్ కాలంలో, 1926 నుంచి 1929 లోపు వచ్చిన పెట్టెలే 1980ల దాకా తిరిగాయి! యుద్ధ సమయంలో కొత్తవి దొరక్క, ఉన్నవాటినే మధ్యకి కోసి ఇంకో ముక్క అతికించి పొడుగు చేశారు. ఆ అతుకుల పెట్టెల్లోనే ఉక్కు ఫ్యాక్టరీ వాళ్లు, ఆఫీసు గుమాస్తాలు ఇంకో నలభై ఏళ్లు తిరిగారు. 1976లో అదే కంపెనీ ప్యాసింజర్ సర్వీసు మొత్తం ఎత్తేస్తామని వాషింగ్టన్‌లో అర్జీ పెట్టింది. గూడ్సు లాభాలు అప్పుడూ ఉన్నాయి కదా, మరి ఎందుకు కాపాడలేదు?

కాపాడింది 1977లో పెట్టిన నార్తర్న్ ఇండియానా కమ్యూటర్ ట్రాన్స్‌పోర్టేషన్ డిస్ట్రిక్ట్. నాలుగు కౌంటీలు కలిసి, ప్రజల డబ్బుతో. 1982లో జపాన్ నుంచి నిప్పాన్ షార్యో పెట్టెలు రావడం మొదలైంది, అప్పుడు గానీ ఇన్సల్ పెట్టెలకి రిటైర్మెంట్ రాలేదు. ఆ తర్వాత గూడ్సు కంపెనీని ఇంకొకరు కొన్నారు, వాళ్లు 1989లో దివాలా తీశారు. అప్పుడు ఈ డిస్ట్రిక్టే ప్యాసింజర్ ఆస్తులు కొనేసింది. ఇప్పుడు అదే వైర్ల కింద డీజిల్ ఇంజన్లతో గూడ్సు వేరే కంపెనీ నడుపుకుంటోంది. అంటే ఇల్లు మనది, గూడ్సువాడు అద్దెకున్నాడు. యాభై ఏళ్ల కిందట ఇది తలకిందులుగా ఉండేది.

ఇంకో మాట. డబ్లింగ్ చేయడానికి ఆరువందల మిలియన్ డాలర్లు దాటాయి, ఫెడరల్ గవర్నమెంటు, రాష్ట్రం, లోకల్ అందరూ కలిసి పెట్టారు. ఏ గూడ్సు కంపెనీ అయినా ఆ డబ్బు పెట్టేదా చెప్పండి.

ప్రశ్న అడిగిన బాబుకి: మన్‌స్టర్, డయర్ వైపు వెళ్లే ఎనిమిది మైళ్ల కొత్త శాఖ మీకు పనికి రాదు, అది హామండ్ దగ్గర దక్షిణానికి విడిపోతుంది. నోటర్ డామ్‌కి మరీ దూరం.

పట్టాల_పిచ్చోడు

మూర్తి గారూ, 1977 తర్వాత సంగతి మీరన్నట్టే, అక్కడ గొడవ లేదు. కానీ డిస్ట్రిక్టు పుట్టే నాటికి కొనడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అరోరా లైనుకి ఆ అవకాశమే దక్కలేదు. 1957లో బండి ఆగింది, నాలుగేళ్లలో పట్టాలు తుక్కుకి పోయాయి. ప్రభుత్వాలు లోకల్ రైళ్లని చేతుల్లోకి తీసుకోవడం మొదలైంది అరవైల్లో, డెబ్బైల్లో. ఆ పదిహేను ఇరవై ఏళ్లు ఊపిరి నిలిపింది బొగ్గు వ్యాగన్లే. నార్త్ షోర్ ఆధునికంగా ఉండేది, వేగంగా ఉండేది, డౌన్‌టౌన్ లూప్ దాకా నేరుగా వెళ్లేది, అన్నీ ఉన్నాయి. ఈడెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే రాగానే కూలింది. గూడ్సు పెద్దగా లేదు, అదే తేడా.

ఆ అరోరా లైను కట్టనే ఇప్పుడు ఇల్లినాయి ప్రెయిరీ పాత్. నేపర్‌విల్, వీటన్ మనవాళ్లు ఆదివారం సైకిళ్లు తొక్కేది దాని మీదే, కింద ఏం ఉండేదో తెలియకుండానే.

కాజీపేట_జంక్షన్

మా ఇంట్లో రెండు తరాలు రైల్వే, నేను మాత్రం సాఫ్ట్‌వేర్. 1,500 డీసీ అనగానే ఆగలేకపోయా.

ఇది మన బొంబాయి వోల్టేజీ! 1925 ఫిబ్రవరి 3న మన దేశంలో మొదటి కరెంటు బండి బొంబాయి వీటీ నుంచి కుర్లా దాకా నడిచింది ఇదే 1,500 డీసీ మీద. అంటే ఇన్సల్ మార్చడానికి ఏడాదిన్నర ముందు. అప్పట్లో ప్రపంచంలో సబర్బన్ లైన్లకి ఇదే ఫ్యాషన్. బొంబాయి దాన్ని పూర్తిగా వదిలేసి 25,000 వోల్టుల ఏసీకి మారడానికి 2016 దాకా పట్టింది. మన హైదరాబాద్ ఎంఎంటీఎస్ 2003లో వచ్చింది కాబట్టి మొదటి నుంచీ 25 వేలే. సౌత్ షోర్, మెట్రా ఎలక్ట్రిక్ మాత్రం ఇంకా 1,500 దగ్గరే ఉన్నాయి.

ఎందుకు మార్చలేదంటే లెక్క సింపుల్. వోల్టేజీ తక్కువైతే అదే పవర్‌కి కరెంటు ఎక్కువ లాగాలి, కాబట్టి లావు వైరు, కొన్ని మైళ్లకొక సబ్‌స్టేషన్. 25 వేలలో సబ్‌స్టేషన్లు దూరం దూరంగా పెట్టుకోవచ్చు, కానీ ప్రతి బండిలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ మోయాలి. బొంబాయిలో బండ్లు పొడుగు పెంచుతూ, మూడు నాలుగు నిమిషాలకొకటి నడపాలి కాబట్టి డీసీ చాలలేదు. ఇక్కడ ఆ రద్దీ లేదు. పైగా ఇద్దరూ కలిసి మారితే తప్ప ఒకరు మారి లాభం లేదు, చికాగోలో చివరి ముక్క మెట్రాది కదా. సరిగ్గా ఆ ముక్కలోకి దూరడం కోసమే 1926లో ఏసీ వదిలారు.

ఇంకా తమాషా ఒకటి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రష్యా వాళ్లు జనరల్ ఎలక్ట్రిక్‌కి ఇరవై పెద్ద కరెంటు ఇంజన్లు ఆర్డరిచ్చారు. తయారయ్యేసరికి కోల్డ్ వార్ మొదలైంది, అమెరికా ప్రభుత్వం పంపనివ్వలేదు. ఆ ఇరవైలో పన్నెండు మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీ కొంది, ఐదు బ్రెజిల్ పోయాయి, మూడు ఈ సౌత్ షోర్‌కి వచ్చాయి. స్టాలిన్ పేరు జోసెఫ్ కదా, దాని మీద లిటిల్ జో అని పిలిచేవారు. రష్యా మంచులో తిరగాల్సిన ఇంజన్లు ఇండియానా మంచులో బొగ్గు లాగాయి. 1980ల మొదటి దాకా నడిచాయి, వాటిలో 803 నంబరుది ఇల్లినాయి రైల్వే మ్యూజియంలో ఉంది, చికాగో నుంచి గంటన్నర డ్రైవు, యూనియన్ అనే ఊళ్లో. పిల్లలున్నవాళ్లు తప్పకుండా తీసుకెళ్లండి.

కొత్తకాపురం_ఇండియానా

అబ్బో, ఇంత వస్తుందనుకోలేదు, థాంక్స్ అందరికీ. మా ఆవిడకి చూపిస్తే స్టాలిన్ ఇంజన్ దగ్గర నవ్వి, వదిన గారి కాపురం లైను దగ్గర ఆగిపోయింది. వదినా, ఒక్కటి చెప్పండి. డబ్లింగ్ వల్ల నిజంగా తేడా ఏమైనా తెలుస్తోందా, పేపర్లో రాసుకోవడానికేనా? ఇంకా, సంక్రాంతికి అమ్మా నాన్నా వస్తున్నారు, కారు లేకుండా వాళ్లని ఈ రైల్లో ఎక్కడికైనా తిప్పే వీలుందా? అరోరా బాలాజీ గుడికి వెళ్లొచ్చా?

వాల్పో_వదిన

తేడా ఉంది. ముందు గేరీ దాటాక సింగిల్ లైన్, మన ఊళ్లలో లాగే క్రాసింగ్ పడితే ఎదురుబండి వచ్చేదాకా కదలడానికి లేదు. ఒక బండి పావుగంట లేటైతే దాని వెనక అన్నీ లేటు. ఇప్పుడు మిచిగన్ సిటీ దాకా ఆ గొడవ లేదు, వీధిలో సిగ్నల్ దగ్గర కార్ల వెనక ఆగడం లేదు, బండ్లు కూడా పెంచారు. మిచిగన్ సిటీ నుంచి సౌత్ బెండ్ దాకా మాత్రం ఇంకా సింగిలే. మొత్తం లైన్లో మెరుగుపడ్డ భాగం సరిగ్గా మిచిగన్ సిటీ దగ్గర ఆగిపోతుంది, నేను ఆ ఊరు చెప్పడానికి అది ఇంకో కారణం. మంచు రోజుల్లో వైరు మీద ఐస్ కట్టి పైన నీలం మెరుపులు వస్తే కంగారుపడకు, అది పాంటోగ్రాఫ్ (బండి పైనుంచి కరెంటు వైరుని తాకే చట్రం) దగ్గర నిప్పురవ్వలు.

గుడికి ఈ రైలు వెళ్లదు. మిలీనియం స్టేషన్‌లో దిగి యూనియన్ స్టేషన్ దాకా మైలు దూరం నడిచి, అరోరా వెళ్లే మెట్రా ఎక్కి, అక్కణ్ణుంచి ఊబర్. జనవరి చలిలో పెద్దవాళ్లతో ఆ పని పెట్టుకోకు. దగ్గర్లో మెరిల్‌విల్‌లో భారతీయ టెంపుల్ ఉంది, దానికీ కారు కావాలి.

దిబ్బల_దుర్గ

అమ్మానాన్నల గురించి నేను చెప్తా. జనవరిలో అయితే చికాగో ఒక్కటే, మిలీనియం స్టేషన్ భూమి లోపల ఉంది, అక్కణ్ణుంచి పెడ్‌వే సొరంగాల్లోనే చలి తగలకుండా చాలా బిల్డింగులు చుట్టొచ్చు. మా అత్తగారికి మిలీనియం పార్కులో బీన్ శిల్పం కంటే ఆ సొరంగమే నచ్చింది.

వాళ్లు ఏప్రిల్ దాటి ఉంటారనుకుంటే ఇండియానా డ్యూన్స్ నేషనల్ పార్క్. 2019 నుంచి నేషనల్ పార్క్, అంతకుముందు 1966 నుంచి లేక్‌షోర్ అనేవారు. ఈ రైలు పార్కు మధ్యలోంచే పోతుంది. అమెరికాలో లోకల్ రైల్లో టికెట్ కొనుక్కుని దిగి నడిచి వెళ్లగలిగే నేషనల్ పార్కులు ఎన్నున్నాయి చెప్పండి! డ్యూన్ పార్క్ స్టేషన్‌లో దిగితే సరస్సు వైపు నడక కాస్త ఎక్కువే, మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి. బెవర్లీ షోర్స్ స్టేషన్ అయితే చూడ్డానికే దిగాలి, 1929లో స్పెయిన్ ఇళ్ల స్టయిల్లో కట్టారు, ఎర్ర పెంకులు, పైన నియాన్ అక్షరాలు. పట్టాల గారు చెప్పిన ఇన్సల్ పోస్టర్లలో సగం ఈ ఇసుక దిబ్బల మీదే. చికాగో జనాన్ని ఆదివారాలు బండెక్కించడానికి వేయించినవి, ఇప్పుడు వాటి నకళ్లు కూడా గిఫ్టు షాపుల్లో అమ్ముతారు.

సైకిల్ బొమ్మ ఉన్న బండ్లలో సైకిల్ కూడా ఎక్కించవచ్చు, టైంటేబుల్లో గుర్తు ఉంటుంది.

కొత్తకాపురం_ఇండియానా

సరే, ఇద్దరం కూర్చుని లెక్కలేశాం. మా ఆవిడ మంచులో డ్రైవింగ్ కుదరదని తేల్చేసింది, వారంలో సగం రోజులు నేనే కష్టపడతానని ఒప్పుకున్నా. సౌత్ బెండ్‌లోనే, కాకపోతే ఏడాది లీజు కాకుండా ఆరు నెలలకి అడుగుతున్నాం. మూర్తి గారూ, నెల పాస్ కొనేయనా?

మన్‌స్టర్_మూర్తి

అప్పుడే వద్దు. రోజూ వెళ్లేవాళ్లకే నెల పాస్ గిట్టుబాటు. సగం రోజులే కాబట్టి మొదటి నెల విడి టికెట్లు ఫోన్ యాప్‌లో కొని, మొత్తం ఎంతయిందో చూసుకుని తర్వాత పాస్ సంగతి ఆలోచించండి. ఆఫీసులో ప్రీ-టాక్స్ కమ్యూటర్ బెనిఫిట్ (పన్ను పడకముందే జీతంలోంచి ప్రయాణం ఖర్చు కట్టుకునే వీలు) ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి, చాలామంది మనవాళ్లు అడగరు. సౌత్ బెండ్ ఎయిర్‌పోర్టు దగ్గర రైలు వాళ్లకి పార్కింగ్ ఎక్కడ, ఎంత అనేది కూడా చేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి, విమానం వాళ్ల రేటు కట్టారంటే టికెట్ కంటే అదే ఎక్కువవుతుంది.